కూకట్‌పల్లి పాత గ్రామము

కూకట్‌పల్లి పాత గ్రామము హైదరాబాదు మహానగరమునకు వాయవ్య దిశలో, ముంబై జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న ప్రాచీన జనావాసము. ప్రస్తుతము కూకట్‌పల్లి అనగానే హౌసింగ్ బోర్డు కాలనీ, వస్త్ర దుకాణములు, సినిమా హాళ్ళు, హైటెక్ సిటీకి వెళ్ళే రహదారులు గుర్తుకు వస్తాయి. ఈ పేరు మొదట వీటికి చెందినది కాదు. రామాలయము చుట్టూ ఇరుకైన వీధులతో ఉన్న ఒక చిన్న వ్యవసాయ గ్రామమునకు అది పేరు. నగరము విస్తరించిన కొద్దీ ఆ పేరు లక్షల జనాభా గల ప్రాంతమునకు వ్యాపించగా, అసలు ఊరికి "పాత", "విలేజ్" అనే విశేషణములు చేర్చి చెప్పవలసి వచ్చినది. ఒకప్పటి పొలాలు, చెరువులు, మఠపు భూములు ఏ విధముగా నగరమైనవో తెలుసుకొనుటకు ఈ గ్రామ చరిత్ర మంచి ఉదాహరణ.

ఉనికి, స్వరూపము

గ్రామమునకు చుట్టుపక్కల మూసాపేట, బాలానగర్, హైదర్‌నగర్, కైతలాపూర్, శంషీగూడ, నిజాంపేట వంటి ఊర్లు ఉన్నవి. వీటిలో చాలా వరకు ఒకప్పుడు విడివిడి రెవెన్యూ గ్రామములు. వాటి మధ్య పొలాలు, గుట్టలు, కుంటలు ఉండేవి. నేడు ఒక ఊరు ఎక్కడ ముగిసి మరొక ఊరు ఎక్కడ మొదలగునో రెవెన్యూ పటములు చూసినవారికి తప్ప తెలియదు.

ఈ ప్రాంతమంతా దక్కను పీఠభూమికి చెందిన గ్రానైటు నేల. బండలు, మిట్టలు, వాటి మధ్య పల్లములు దీని సహజ స్వరూపము. జీవనది లేదు. వాన నీరు పల్లమునకు చేరే చోట కట్ట వేసి చెరువు చేయుట, పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువులోకి పోవునట్లు కాలువ కలుపుట తెలంగాణములో శతాబ్దముల నాటి పద్ధతి. కాకతీయుల కాలము నుండి ఈ గొలుసుకట్టు చెరువుల నిర్మాణము ప్రసిద్ధి చెందినది. కూకట్‌పల్లి పరిసరాలలోని నల్ల చెరువు, రంగధాముని చెరువు, కాముని చెరువు, మైసమ్మ చెరువు ఈ పద్ధతికి చెందినవే. వీటి మిగులు నీరు కూకట్‌పల్లి వాగుగా మారి ఫతేనగర్, బేగంపేటల మీదుగా హుస్సేన్‌సాగర్ చేరుతుంది. 1562-63 ప్రాంతములో ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో నిర్మించిన హుస్సేన్‌సాగర్‌కు నీరు తెచ్చే కాలువలలో ఇది ముఖ్యమైనది. అనగా కూకట్‌పల్లిలో పడిన వాన నగరము నడిబొడ్డున ఉన్న సాగరమును నింపేది.

పాత ఊరు

పాత తెలంగాణ గ్రామములలో వలెనే ఇక్కడ కూడ ఇళ్ళన్నీ ఒక చోట గుమిగూడి, పొలాలు బయట ఉండేవి. ఇళ్ళు ఉండే ఈ స్థలమును రెవెన్యూ భాషలో గ్రామకంఠము అని, ఆబాదీ అని పిలుస్తారు. మట్టి గోడలు, గూన పెంకులు, మధ్యలో వాకిలి గల ఇళ్ళు నాటి వాడుక. సీతారామచంద్రస్వామి ఆలయము ఊరికి కేంద్రము. చెరువు కట్టల మీద కట్టమైసమ్మ, ఊరి పొలిమేరలో పోచమ్మ ఉండుట ఈ ప్రాంతపు గ్రామములన్నింటికీ సామాన్య లక్షణము. బోనాలకు, బతుకమ్మకు ఊరి ఊరేగింపు చెరువు దారి పట్టేది. నేటికీ ఆషాఢములో పాత వీధులలో బోనాలు తీస్తారు. దారి మాత్రము అపార్టుమెంట్ల మధ్య నుండి పోవును.

గ్రామ వ్యవహారములను మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ వంశపారంపర్యముగా చూచేవారు. చెరువు తూము తీసి ఏ మడికి ఎంత నీరు వదలవలెనో చూచుటకు నీరడి ఉండేవాడు. పటేలు, పట్వారీ పదవులు 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వ కాలములో రద్దయినవి. నీరడి వృత్తి మాత్రము ఏ ఉత్తరువు లేకుండానే అంతరించినది. ఆయకట్టు పోయిన తరువాత తూము తీసే మనిషితో పని లేదు కదా.

నిజాము పాలనలో నగరమును చుట్టి ఉన్న ప్రాంతమును అత్రాఫ్-ఎ-బల్దా అనేవారు. "నగర పరిసరములు" అని దీని అర్థము. ఇందులో నిజాము సొంత ఆస్తులైన సర్ఫ్-ఎ-ఖాస్ భూములు, పాయగా ప్రభువుల భూములు, ఇనాములు, మఠముల మాన్యములు కలగాపులగముగా ఉండేవి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశములో విలీనమైన మరుసటి సంవత్సరము సర్ఫ్-ఎ-ఖాస్, జాగీరులు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము, 1955లో తెలంగాణ ప్రాంత ఇనాముల రద్దు చట్టము వచ్చినవి. చట్టములు రద్దు చేసిన హక్కులు కాగితముల మీద మాత్రము చాలాకాలము బతికినవి. పొరుగున ఉన్న హైదర్‌నగర్ భూములు ఇందుకు నిదర్శనము. ఒక పాయగా కుటుంబ ఆస్తుల పంపకము కొరకు వేసిన దావా 1958లో హైకోర్టుకు చేరగా, 1963లో ప్రాథమిక డిక్రీ వచ్చినది. అందులో చేరిన హైదర్‌నగర్ భూముల మీద తలెత్తిన వివాదములపై సుప్రీం కోర్టు 2023 జూన్‌లో తీర్పు చెప్పినది. ఇళ్ళు కట్టుకొని ఏండ్ల తరబడి నివసిస్తున్నవారు తాము పుట్టకముందు వేసిన దావా గురించి తెలుసుకొనవలసిన పరిస్థితి ఈ ప్రాంతములో కొత్త కాదు.

పరిశ్రమల రాక

1950వ దశకము వరకు కూకట్‌పల్లి నగరమునకు దూరపు పల్లె. 1960వ దశకములో ముంబై రహదారి వెంట ప్రభుత్వ రంగ పరిశ్రమలు వరుసగా వెలసినవి. రామచంద్రాపురములో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్, బాలానగర్‌లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ విభాగము, ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ (ఐ.డి.పి.ఎల్.) కర్మాగారము, సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ముఖ్యమైనవి. ఐ.డి.పి.ఎల్. నుండి నేర్చుకొని బయటకు వచ్చినవారు తరువాత సొంత మందుల కంపెనీలు స్థాపించినారు. హైదరాబాదు ఔషధ పరిశ్రమకు అది పాఠశాల వంటిదని చెప్పుట అతిశయోక్తి కాదు.

కూకట్‌పల్లి గ్రామ పరిధిలోనే వచ్చినది ఇండియన్ డిటోనేటర్స్ లిమిటెడ్ (ఐ.డి.ఎల్.). గనులలో, రాతి క్వారీలలో వాడే పేలుడు పదార్థములు, డిటోనేటర్లు ఇక్కడ తయారయ్యేవి. ఇటువంటి కర్మాగారమునకు జనావాసములకు ఎడముగా, మధ్యలో ఖాళీ జాగా విస్తారముగా ఉండవలెను. ఊరి పక్కనే అంత భూమి ఒకే చోట దొరకుటకు కారణము మఠము. హైదరాబాదు పాత బస్తీలోని హుస్సేనీ ఆలం వద్ద ఉన్న ఉదాసీన మఠమునకు కూకట్‌పల్లిలో 540 ఎకరాలకు పైగా భూమి ఉన్నది. ఉదాసీన సంప్రదాయము గురునానక్ కుమారుడైన శ్రీచంద్‌ను మూలపురుషునిగా భావించే సాధువులది. పంజాబు మూలములు గల ఒక మఠమునకు తెలంగాణ పల్లెలో వందల ఎకరాలు ఉండుట వింతగా తోచవచ్చును. ఉత్తరాది నుండి వచ్చిన ఉద్యోగులు, వర్తకులు హైదరాబాదు దర్బారులో పలుకుబడి సంపాదించిన కాలమును తలచుకొన్నచో అందులో వింత లేదు.

ఈ భూమి 1960వ దశకము నుండి దీర్ఘకాలిక లీజుల మీద కంపెనీ చేతికి వచ్చినది. అప్పటికి అది ఊరి చివరి బీడు. నలభై ఏళ్ళ తరువాత అది హైటెక్ సిటీకి కూతవేటు దూరములో ఉన్న, నగరములోకెల్లా విలువైన భూములలో ఒకటి. ఖాళీ చేయించమని మఠము దేవాదాయ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించగా 2011లో తీర్పు మఠమునకు అనుకూలముగా వచ్చినది. పై కోర్టులలో వ్యాజ్యము సాగి, 2022 మార్చిలో సుప్రీం కోర్టు కూడ మఠము పక్షాన తీర్పు ఇచ్చినది. ఈ వ్యాజ్యములో ఒక్క విషయము గమనింపదగినది. కర్మాగారము కొరకని ఆ భూమి దశాబ్దముల పాటు ఎవరికీ అమ్ముడుపోకుండా ఉన్నందువలన, నాలుగు వైపులా కాంక్రీటు పెరిగినా చెట్లు, రాళ్ళు, పాత నేల కొంత అక్కడ మిగిలినవి. రంగధాముని చెరువును జనులు ఐ.డి.ఎల్. చెరువు అనే పిలుస్తారు. వినాయక నిమజ్జనమునకు ఆ పరిసరములలోని కాలనీలన్నింటికీ అదే గమ్యము.

హౌసింగ్ బోర్డు కాలనీ

పరిశ్రమలలో పని చేయువారికి ఇళ్ళు కావలసి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలి 1970వ దశకము చివరి నుండి కూకట్‌పల్లి పొలాలలో దశల వారీగా కాలనీ నిర్మించినది. అదే కె.పి.హెచ్.బి. కాలనీ. ఆదాయమును బట్టి ఇళ్ళను ఇ.డబ్ల్యు.ఎస్., ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అని నాలుగు తరగతులుగా విభజించినారు. ఈ అక్షరములే ఇంటి నంబర్లలో చేరి నేటికీ చిరునామాలలో వాడుకలో ఉన్నవి. ఇంటి యజమాని ఆదాయము ఎంత పెరిగినా ఇల్లు మాత్రము ఎల్.ఐ.జి.యే. ఆసియాలోనే పెద్ద కాలనీ అని దీనికి పేరు చెబుతుంటారు. ఇటువంటి బిరుదులు దేశములో ఇంకా కొన్ని కాలనీలకు కూడ ఉన్నవి గనుక దీనిని జనప్రియమైన మాటగానే తీసుకొనవలెను.

మొదట కేటాయింపు పొందినవారిలో చాలామంది ఇక్కడికి రావడానికి వెనుకాడేవారు. ఊరికి దూరము, నీటికి ఇబ్బంది. నీటి సమస్యను తీర్చినది మంజీర నది. నగరమునకు మంజీర మొదటి దశ నీరు 1965లో, రెండవ దశ 1981లో వచ్చినది. 1990వ దశకము మొదట్లో సింగూరు నీరు తోడయినది. పడమటి నుండి వచ్చే నీటి గొట్టములు పటాన్‌చెరు వైపు నుండి ఈ దిశగానే నగరములోకి రావడము కాలనీల పెరుగుదలకు తోడ్పడినది. దూరపు నీరు గొట్టములో వచ్చిన తరువాత ఊరి చెరువు ఎవరికీ అవసరము లేకపోయినది. చెరువుల నాశనమునకు ఆక్రమణదారులను మాత్రమే నిందించుట సులభము. చెరువు మీద ఆధారపడినవారు ఒక్కరూ మిగలకపోవడము అంతకు ముందే జరిగినది.

ఇదే కాలములో 1976 పట్టణ భూపరిమితి చట్టము నగర పరిసరాలలో అమలులోకి వచ్చినది. పరిమితికి మించిన భూమిని ప్రభుత్వము తీసుకొనునని భయపడిన రైతులు తొందరగా ప్లాట్లుగా చేసి అమ్మివేసినారు. గృహనిర్మాణ సహకార సంఘములు, ఉద్యోగుల సంఘములు కొన్నవి. ఆల్విన్ కాలనీ వంటి పేర్లు ఆయా కంపెనీల ఉద్యోగుల జ్ఞాపకములుగా మిగిలినవి. ఎకరాల లెక్కన అమ్మిన రైతు కుటుంబములకు వచ్చిన ధర, పది పదిహేనేళ్ళలో అదే నేల గజముల లెక్కన పలికిన ధర మధ్య ఉన్న తేడాయే పాత ఊరికి కొత్త కాలనీలకు మధ్య ఉన్న దూరము. భూపరిమితి చట్టము రద్దును ఆంధ్రప్రదేశ్ 2008లో స్వీకరించినది. అప్పటికి ఇక్కడ పొలము అని చెప్పదగినది లేదు.

విద్య, వలస, ఐ.టి.

జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము 1972లో ఏర్పడినది. దాని హైదరాబాదు ఆవరణ కూకట్‌పల్లిలో స్థిరపడడముతో విద్యార్థులు, వారితో పాటు హాస్టళ్ళు, శిక్షణ కేంద్రములు, పుస్తకాల దుకాణములు వచ్చినవి. 2008లో విశ్వవిద్యాలయమును విభజించినప్పుడు కూకట్‌పల్లి ఆవరణ జె.ఎన్.టి.యు. హైదరాబాదుకు ప్రధాన స్థానమైనది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఐ.టి. ఉద్యోగులకు దగ్గరగా, కొంత చవకగా అద్దె ఇళ్ళు దొరికే చోటు కూకట్‌పల్లి. కోస్తా, రాయలసీమ జిల్లాల నుండి వచ్చి స్థిరపడినవారు ఇక్కడ అధిక సంఖ్యలో ఉన్నారు. హోటళ్ళ పేర్లలో, పిండివంటల దుకాణములలో, సంక్రాంతికి బస్సుల కొరకు రహదారి వెంట నిలిచే జనములో ఇది కనిపిస్తుంది. పాత గ్రామములో తెలంగాణ యాస, కాలనీలలో కృష్ణా, గోదావరి, సీమ మాటలు పక్కపక్కనే వినిపించును.

కూకట్‌పల్లి 1980వ దశకములో పురపాలక సంఘమైనది. 2001 జనాభా లెక్కలలో సుమారు 2.9 లక్షల జనాభా నమోదైనది. 2007 ఏప్రిల్ 16న మరి 11 పురపాలక సంఘములు, 8 పంచాయతీలతో కలసి బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైనది. రెవెన్యూ పరముగా బాలానగర్ మండలములో ఉండిన గ్రామము, 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు రంగారెడ్డి జిల్లా నుండి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాకు మారి, తానే మండల కేంద్రమైనది. అప్పటి వరకు ఖైరతాబాదులో భాగముగా ఉండిన ప్రాంతము నియోజకవర్గాల పునర్విభజనతో ప్రత్యేక శాసనసభ నియోజకవర్గము కాగా, 2009లో జరిగిన తొలి ఎన్నికలో లోక్‌సత్తా పార్టీ అధ్యక్షుడు జయప్రకాశ్ నారాయణ గెలిచినాడు.

2017 నవంబరులో మియాపూర్ నుండి నాగోలు వరకు మెట్రో రైలు ప్రారంభమైనది. జె.ఎన్.టి.యు. కళాశాల, కె.పి.హెచ్.బి. కాలనీ, కూకట్‌పల్లి స్టేషన్లు వరుసగా ఉన్నవి. రహదారి వెంట ఉన్న దుకాణములకు ఇప్పుడు మెట్రో స్తంభముల నంబర్లే గుర్తులు.

చెరువుల పరిస్థితి

గొలుసుకట్టు చెరువులలో ఒకటి పూడినచో దాని నీరు పోవలసిన దారి మారును. కూకట్‌పల్లి వాగు క్రమముగా మురుగు కాలువ అయినది. బాలానగర్, జీడిమెట్ల పరిశ్రమల వ్యర్థములు, కాలనీల మురుగు అందులో కలసి హుస్సేన్‌సాగర్ చేరినవి. సాగరము కలుషితమగుటకు ఈ వాగే ముఖ్య కారణముగా గుర్తింపు పొందినది. ఎండాకాలపు మురుగును మధ్యలోనే మళ్ళించి శుద్ధి కేంద్రములకు పంపే పనులు తరువాత జరిగినవి. వర్షాకాలములో మాత్రము వాగు తన పాత స్వభావమును చూపును. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వర్షము పడినప్పుడు, 2020 అక్టోబరు వరదలలోను వాగుల వెంట ఉన్న పల్లపు బస్తీలు నీట మునిగినవి.

చెరువు గర్భమును శిఖము అంటారు. నీరు తగ్గిన కాలములో అక్కడ సాగు చేసుకొనుటకు కొందరికి పట్టాలు ఉండేవి. వీటినే పట్టా శిఖము అంటారు. సాగుకు తప్ప నిర్మాణమునకు ఈ హక్కు వర్తించదు. కాని పట్టా అనే మాట చూపి ప్లాట్లు అమ్మినవారు, అది నమ్మి కొన్నవారు ఉన్నారు. 2012 నాటి భవన నిర్మాణ నియమముల ప్రకారము పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటి మట్టము నుండి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు 9 మీటర్లు ఖాళీగా వదలవలెను.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము ఏర్పాటు చేసిన హైడ్రా సంస్థ, సెప్టెంబరు 22న కూకట్‌పల్లి నల్ల చెరువులోని కట్టడములను కూల్చివేసినది. వీటిలో ఎక్కువ భాగము వ్యాపార షెడ్లు. వాటిని అద్దెకు తీసుకొని క్యాటరింగ్ వంటి చిన్న వ్యాపారములు చేసుకొనువారు, సామాను తీసుకొనే వ్యవధి కూడ తమకు ఇవ్వలేదని వాపోయినారు. అద్దె తీసుకొన్నవారు ఒకరు, నష్టపోయినవారు మరొకరు. అటు పిమ్మట పునరుద్ధరణకు ఎంపిక చేసిన మొదటి ఆరు చెరువులలో నల్ల చెరువు ఒకటి. పూడిక, చెత్త తీసి చెరువును తిరిగి లోతు చేయు పని చేపట్టినారు.

పాత గ్రామము, ఇతర పాత పట్టణములు

హైదరాబాదు పాత బస్తీకి గోడ, దర్వాజాలు ఉండేవి. పాత పట్టణము ఎక్కడి వరకో చెప్పుట అక్కడ సులభము. మొరాకో దేశములో 1912లో ఫ్రెంచి రక్షిత పాలన మొదలైన తరువాత, పాలనాధిపతి లియోటే, నగర రూపకర్త హెన్రీ ప్రోస్ట్ ఫెజ్, రబాత్, మర్రకేష్ వంటి చోట్ల మదీనా అనబడే పాత పట్టణములను కదపకుండా, కొత్త పట్టణములను వాటికి ఎడముగా కట్టించినారు. స్థానికులను, ఐరోపావారిని వేరుగా ఉంచిన విధానమని దానిపై విమర్శ ఉన్నది. అయినను వీధులు, ఇళ్ళు మిగిలినవి. 1981లో ఫెజ్ మదీనాను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. కూకట్‌పల్లి వంటి పల్లెకు గోడ లేదు, వారసత్వ జాబితా లేదు. కొత్త నగరము దాని పక్కన కాక దాని పొలాల మీదనే, కొంత కాలమునకు దాని ఇళ్ళ మీదనే లేచినది.

పాత ఊరిని ఇంకా గుర్తు పట్టుటకు వీలు కలిగించేది దాని భూమి చట్టపరమైన స్వభావము. గ్రామకంఠము లోని ఇళ్ళకు పొలముల వలె విడివిడి సర్వే నంబర్లు, పట్టాలు ఉండవు. తాత తండ్రుల నుండి అనుభవము, ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు ఇవే ఆధారములు. బ్యాంకు ఋణము కొరకు, వాటాల పంపకము కొరకు వెళ్ళినవారికి ఇది ఇబ్బంది. మరొక వైపు ఇదే కారణము వలన పెద్ద నిర్మాణ సంస్థలు ఈ వీధుల జోలికి రావడము తక్కువ. వాటాలు పంచుకొన్న అన్నదమ్ములు అరవై, డెబ్బది గజములలో నాలుగు అంతస్తులు లేపి, కింద తాముండి పైవి అద్దెకు ఇస్తున్నారు. ఆ గదులలో ఉండువారిలో విద్యార్థులు, పొద్దున్నే కూలీల అడ్డాకు వెళ్ళేవారు, దుకాణములలో పని చేయువారు ఎక్కువ. ఇల్లు ఎంత ఎత్తు పెరిగినా దాని ముందు వీధి ఒకప్పుడు బండి పట్టే వెడల్పుతోనే ఉన్నది. ఆ వీధుల వంకరలు ఊరు మొదట ఏ ఆకారములో ఉండేదో నేటికీ చూపుచున్నవి.